పుట్టినిల్లు డెట్రాయిట్, మెట్టినిల్లు ఆన్ ఆర్బర్

అమెరికాకు పోయి వచ్చిన మనవారిని ఏమేమి చూచితిరని అడిగినచో నయాగరా జలపాతము, న్యూయార్కులోని స్వాతంత్ర్య దేవత విగ్రహము, షికాగో మేడలు అని వరుసగా చెప్పుదురు. మిషిగన్ రాష్ట్రమున కుమారుని యింటనో కుమార్తె యింటనో ఆరు నెలలుండి వచ్చిన వారు సైతము డెట్రాయిట్ మాట యెత్తినచో, "అక్కడ చూచుటకేమున్నది? అది కార్ల ఫ్యాక్టరీల ఊరు గదా!" అని తేల్చివేయుదురు. దానికి సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్న ఆన్ ఆర్బర్ పట్టణమును మాత్రము విశ్వవిద్యాలయము కొరకు ఒక పూట చూచి, చెట్లు బాగున్నవని మెచ్చుకొందురు. ఈ తీర్పు నాకు సమ్మతము కాదు. ఆ రెండూళ్లను విడదీసి చూచువారికి రెండును సగము సగమే కనిపించును.

డెట్రాయిట్ అనునది ఫ్రెంచి పదము. జలసంధి యని దాని యర్థము. సెయింట్ క్లెయిర్, ఈరీ అను సరస్సులను కలుపు నది యొడ్డున 1701లో కాడిలాక్ అను ఫ్రెంచి అధికారి యొక కోటను కట్టి ఈ యూరికి నాంది పలికెను. ఆయన పేరును తరువాత నొక ఖరీదైన కారునకు పెట్టిరి. ఏటి గట్టున నిలిచి చూచినచో ఆవలి యొడ్డున కనబడునది కెనడా. కెనడా అమెరికాకు ఉత్తరమున కలదని మనము పిల్లలకు చెప్పుదుము. డెట్రాయిట్ నడిబొడ్డున నిలిచినవానికి మాత్రము అది దక్షిణ దిక్కున నుండును. భూగోళము బోధించు ఉపాధ్యాయులు పటము పరచి తరగతిలో ఈ చిక్కుప్రశ్న నడుగవచ్చును.

1805లో ఈ యూరు అగ్నికి ఆహుతి అయ్యెను. అప్పుడు గేబ్రియేల్ రిషార్ అను క్రైస్తవ గురువు లాటిను భాషలో పలికిన మాటలు నేటికిని నగర ముద్రికపై కలవు. మేలు జరుగునని యాశింతుము, ఊరు బూడిదనుండి లేచునని వాని తాత్పర్యము. ఆ రిషార్, అగస్టస్ వుడ్వర్డ్ అను న్యాయాధిపతి, జాన్ మాంటీత్ అను మరియొక మతాచార్యుడు, ఈ మువ్వురును కలిసి 1817లో డెట్రాయిట్‌లో ఒక విద్యాసంస్థను స్థాపించిరి. వుడ్వర్డ్‌గారికి పాండిత్య ప్రకర్షపై మక్కువ మెండు. గ్రీకును లాటినును కలిపి ఆయన ఆ సంస్థకు "క్యాథొలెపిస్టెమియాడ్" అని నామకరణము చేసెను. మన ప్రబంధ కవుల దీర్ఘసమాసములు సైతము దీని ముందు తలవంచవలసినదే! 13 ఆచార్య పదవులను ఏర్పరచి, వానిలో 7 మాంటీత్‌కును 6 రిషార్‌కును ఇచ్చిరి. ఒక్క అధ్యాపకునిచే మూడు విషయములు చెప్పించు కళాశాలలను చూచి నిట్టూర్చువారు ఇది చదివి కొంత ఊరట చెందవచ్చును.

ఆ సంస్థయే నేటి మిషిగన్ విశ్వవిద్యాలయము. 1837లో మిషిగన్ రాష్ట్రముగా ఏర్పడినపుడు, ఒక భూముల కంపెనీ 40 ఎకరములు దానమిచ్చుటచే అది ఆన్ ఆర్బర్‌కు తరలిపోయెను. విశ్వవిద్యాలయ ముద్రికపై చిరకాలము 1837 అనియే యుండెడిది. 1929లో ఆ సంఖ్యను తీసివేసి 1817 అని చేర్చిరి. మెట్టినింట నూరేండ్లు గడుపబోవుచున్న ఇల్లాలికి పుట్టినిల్లు గుర్తునకు వచ్చినట్లయినది.

మనము మొదట ఆ పుట్టినింటినే చూతము. డెట్రాయిట్‌లో పికెట్ వీధిలో మూడంతస్తుల ఇటుకల భవనమొకటి కలదు. 1904లో కట్టినది, చూపునకు మన పాత పొగాకు గోదాము వలె నుండును. హెన్రీ ఫోర్డు తన 'టి' నమూనా కారును 1908లో మొదట తయారుచేసినది ఇచ్చటనే. ఇప్పుడది మ్యూజియము. 1910లో ఫోర్డు అక్కడినుండి హైలండ్ పార్కునకు మారెను. 1913లో అచ్చట ప్రారంభమైన పద్ధతి లోకము యొక్క నడకనే మార్చినది. అంతవరకు కారు ఒకచోట నిలిచియుండ పనివాడు దానిచుట్టు తిరిగెడివాడు. ఆనాటినుండి పనివాడు నిలిచియుండ కారు కదలివచ్చుట మొదలిడెను. పన్నెండున్నర గంటలు పట్టుచుండిన చట్రపు కూర్పు గంటన్నరకు దిగెను. కాని రోజంతయు ఒకే మరను బిగించు పనికి విసిగి కూలీలు గుంపులు గుంపులుగా మానివేయుచుండిరి. 1914 జనవరిలో ఫోర్డు రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించుటకు ముఖ్యకారణమిదియే. దానిని కేవలము ఔదార్యమని వ్రాసిన పాఠ్యపుస్తకములు కలవు. అవి సగము మాటయే చెప్పినవి.

నగరమునకు అంటుకొనియే యున్న డియర్‌బర్న్‌లో ఫోర్డు కట్టిన రూజ్ కర్మాగారము అంతకంటె ఘనమైనది. ఓడలలో ఇనుప ఖనిజము ఒక వైపున దిగుచుండ మరియొక వైపునుండి కార్లు వెలువడుచుండెడివి. ఉక్కు, అద్దము, విద్యుత్తు సమస్తము అక్కడనే తయారు. 1930 ప్రాంతమున లక్ష మందికి పైగా అచ్చట పనిచేసిరి. నేటికిని అందొక భాగమున సరకుల బండ్లు తయారగుచున్నవి. ఎత్తైన నడవపై నడచుచు క్రింద జరుగు పనిని సందర్శకులు చూడవచ్చును.

ఐతే ఆ కర్మాగారము యొక్క ఆత్మను చూడగోరువారు ఫ్యాక్టరీకి గాక చిత్రశాలకు పోవలెను. వుడ్వర్డ్‌గారి పేరనే యున్న రాజవీధిలో డెట్రాయిట్ కళాసంస్థ భవనము 1927నుండి నిలిచియున్నది. దాని నడుమ గాజుకప్పు గల యొక విశాలమైన ప్రాంగణమున నాలుగు గోడలమీద మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932, 33 సంవత్సరములలో చిత్రించిన 27 చిత్రఫలకములు కలవు. తడి యారని సున్నపు పూతపై రంగులు వేయు ఫ్రెస్కో పద్ధతి అది. పూత ఆరులోగా ఆనాటి భాగము పూర్తి కావలెను. దిద్దుబాటునకు అవకాశము బహు స్వల్పము.

రివేరా డెట్రాయిట్ చేరినది 1932 ఏప్రిలులో. ఆర్థికమాంద్యము దేశమును దహించుచున్న కాలమది. అంతకు నెల ముందు, మార్చి 7వ తేదీన, పని పోయిన కార్మికులు ఆకలి యాత్రగా రూజ్ ద్వారమునకు రాగా పోలీసులు, కర్మాగార కావలివారు కాల్పులు జరిపిరి. నలుగురు మరణించిరి. గాయములతో మరియొకడు తరువాత కన్నుమూసెను. చిత్రములకు ధనమిచ్చినది హెన్రీ ఫోర్డు కుమారుడు ఎడ్సెల్. గీయవచ్చినది కమ్యూనిస్టు భావములు గల చిత్రకారుడు. ఇట్టి జోడి కుదురుటయే వింత. రివేరా నెలల తరబడి రూజ్‌లో తిరిగి చూచి, ఉత్తరపు గోడపై ఇంజను తయారగు తీరును, దక్షిణపు గోడపై కారు పైభాగమును కూర్చు తీరును చిత్రించెను. ఆ పనివారి ముఖములను చూడుడు. ఒక్కనికైనను నవ్వులేదు, ఏడుపునులేదు. నడుములు వంగి, చేతులు చాచి, ఒకే తాళమునకు కదలుచున్నట్లుందురు. గోడ పైభాగమున నలుగురు మహాకాయులైన స్త్రీలు. ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు వర్ణముల ఆ మూర్తులు నాలుగు జాతులకును, ఇనుప ఖనిజము, బొగ్గు, సున్నపురాయి, ఇసుక అను నాలుగు మూలద్రవ్యములకును సంకేతములు. తూర్పు గోడపై మొక్క దుంపలో ముడుచుకొనియున్న శిశువు కలదు. రివేరా భార్య, తానును గొప్ప చిత్రకారిణియైన ఫ్రీడా కాలోకు ఆ వేసవిలో డెట్రాయిట్ ఆసుపత్రిలో గర్భస్రావమయ్యెను. ఆ బాధను ఆమె వేరొక చిత్రమున గీసినది. ఈ శిశువునకును ఆ దుఃఖమునకును సంబంధము చెప్పువారు కలరు.

ఉత్తరపు గోడ పై మూలలను విడువక చూడవలెను. ఎడమ మూలను విషవాయువుల బాంబులు చేయుచున్నారు. కుడి మూలను ఒక వైద్యుడు పసివానికి టీకా వేయుచున్నాడు. ముందు గుఱ్ఱము, ఎద్దు, గొఱ్ఱెలు నిలిచియున్నవి. టీకామందునకు ఆధారములైన జంతువులవి. అవి క్రీస్తు జన్మచిత్రమును పరిహసించుచున్నవని 1933లో పెద్ద గగ్గోలు పుట్టెను. గోడలకు సున్నము కొట్టివేయవలెనని వార్తాపత్రికయే వ్రాసినది. ఎడ్సెల్ చలింపలేదు. ఈ టీకా చిత్రమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ఆన్ ఆర్బర్‌లో దానితో మరల పని కలదు.

ఇట్టి చిత్రశాల అమ్మకమునకు వచ్చినంత పని యైనది. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 49 వేలు. 2020 నాటికి 6 లక్షల 39 వేలు. కర్మాగారములు శివార్లకు, దూర రాష్ట్రములకు తరలెను. తెల్లవారు కొత్త రహదారుల వెంట ఉపపురములకు పోయిరి. నల్లజాతివారి దుకాణములు, సంగీతశాలలు కిటకిటలాడిన పేటలను ఆ రహదారుల కొరకే కూల్చివేసిరి. 1967 జూలైలో చెలరేగిన అల్లర్లలో 43 మంది చనిపోయిరి. జపాను కార్ల పోటీ ఆ తరువాతి మాట. పన్ను కట్టువారు తగ్గి, పింఛను పుచ్చుకొనువారు మిగిలిరి. 2013 జూలై 18న నగరపాలక సంస్థ దివాలా ప్రకటించెను. అప్పు సుమారు 1800 కోట్ల డాలర్లు. అమెరికాలో ఏ నగరమును అంత మొత్తమునకు దివాలా తీసి యుండలేదు.

అప్పులవారి దృష్టి చిత్రశాలపై పడినది. నగరము సొమ్ముతో కొనిన చిత్రములు, శిల్పములు అమ్మినచో 45 కోట్ల 40 లక్షలనుండి 86 కోట్ల 70 లక్షల డాలర్ల వరకు వచ్చునని వేలము కంపెనీ లెక్క కట్టినది. ఒక ప్రక్క వాన్ గో, బ్రూగెల్ వంటివారి చిత్రములు. మరియొక ప్రక్క జీవితమంతయు వీధులు బాగుచేసి, నీటి గొట్టములు వేసి, ముసలితనమున నెలసరి పింఛనుపై బ్రతుకు ఉద్యోగులు. ముసలివాని మందులకంటె బొమ్మ ముఖ్యమా అని అడిగినవారు మూర్ఖులు కారు. మనమైనను ఆ ప్రశ్నకు తడుముకొనకుండ సమాధానము చెప్పజాలము. చివరకు ధర్మనిధులు, రాష్ట్రప్రభుత్వము, చిత్రశాల కలిసి 20 సంవత్సరములలో 80 కోట్లకు పైగా డాలర్లు పింఛను నిధులకిచ్చుటకు ఒప్పుకొనిరి. బదులుగా చిత్రసంపద నగరము చేతినుండి ధర్మసంస్థకు మారెను. 2014లో పింఛనుదారులు ఓటువేసి దీనిని అంగీకరించిరి. సాధారణోద్యోగుల పింఛనులో నూటికి నాలుగున్నర వంతు కోత పడినది. ధరలతోపాటు పెరుగు భత్యము పోయినది. వైద్యసహాయము బాగుగా తగ్గినది. చిత్రములను కాపాడినవారని దాతల పేర్లు శాసనములకెక్కును. ఆ కోతను భరించిన వేలమందిని గూడ దాతలుగా ఎన్నుటయే న్యాయమని నాకు తోచును.

నగరమున మిగిలినవానిని వేగముగా చెప్పుదును. 1913లో తెరచిన మిషిగన్ సెంట్రల్ రైలుస్టేషను 1988లో మూతపడి, కిటికీ అద్దములు లేని అస్థిపంజరముగా ముప్పది యేండ్లు నిలిచినది. 2018లో ఫోర్డు కంపెనీ దానిని కొని బాగుచేయించి 2024 జూనులో తెరచినది. కారు వచ్చి రైలును చంపెనందురు. ఇచ్చట కారే రైలుస్టేషనును బ్రతికించినది. వెస్టు గ్రాండు బులవార్డులో ఒక చిన్న యింట బెర్రీ గోర్డీ 1959లో నెలకొల్పిన మోటౌన్ సంగీత సంస్థ మ్యూజియముగా కలదు. గోర్డీ కొంతకాలము కార్ల ఫ్యాక్టరీలో కూలి. గాయకులను వరుసక్రమమున తీర్చిదిద్దు పద్ధతిని అచ్చటనే నేర్చితినని చెప్పుకొనెను. నది మధ్యనున్న బెల్ ఐల్ ద్వీపము సాయంకాలపు షికారునకు యోగ్యము.

రైలులో పశ్చిమముగా పోవువారికి ఆన్ ఆర్బర్‌కు ముందు వచ్చు స్టేషను డియర్‌బర్న్. హెన్రీ ఫోర్డు సేకరించిన మ్యూజియమును, గ్రీన్‌ఫీల్డ్ గ్రామమును స్టేషను ప్రక్కనే కలవు. మ్యూజియములో యంత్రములు లెక్కకు మిక్కిలి. నేను ఎక్కువసేపు నిలిచినది పసుపు, ఆకుపచ్చ రంగుల పాత బస్సు నొద్ద. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రములోని మాంట్‌గొమరీ నగరమున రోజా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ తెల్లవానికి చోటు విడువనని కూర్చున్న బస్సు అది. ఏండ్ల తరబడి పొలములో సామాను కొట్టముగా పడియుండినది. మ్యూజియమువారు 2001లో కొనిరి. సందర్శకులు ఎక్కి కూర్చుండవచ్చును. రోజా పార్క్స్ 1957లో డెట్రాయిట్‌కు వచ్చి, 2005లో అచ్చటనే మరణించినది.

గ్రీన్‌ఫీల్డ్ గ్రామము ఒక విచిత్ర కల్పన. ఫోర్డు తనకు నచ్చిన యిండ్లను దేశమునలుమూలలనుండి ఊడదీయించి తెచ్చి ఇచ్చట నిలిపెను. రైటు సోదరుల సైకిలు దుకాణము ఒహాయో రాష్ట్రమునుండి వచ్చినది. ఆ వీధులలో తెల్లని స్తంభముల యిల్లొకటి కలదు. అది ఆన్ ఆర్బర్‌నుండి వచ్చినది. విశ్వవిద్యాలయము పిలుపున రాబర్ట్ ఫ్రాస్టు కవి 1925, 26లలో అందు నివసించెను. కర్మాగారముల ఊరిలో పుట్టిన విశ్వవిద్యాలయము చెట్లనీడకు పోగా, చెట్లనీడనున్న కవి యిల్లు కర్మాగారము నీడకు వచ్చినది. వియ్యాలవారు ఇచ్చిపుచ్చుకొనుట యనిన ఇదియే కాబోలు.

అక్కడినుండి అరగంటకు ఆన్ ఆర్బర్. 1824లో ఈ యూరు కట్టిన ఇద్దరి భార్యల పేర్లును ఆన్ అనియే. ఆర్బర్ అనగా చెట్ల పందిరి. ఆ పందిరి నేటికిని చెడలేదు. ఊరి జనాభా 2020లో ఒక లక్షా 23 వేలు. ఫుట్‌బాల్ ఆట కొరకు 1927లో కట్టిన మైదానములో నేడు 1,07,601 మంది కూర్చుండవచ్చును. ఊరంతయు ఆటకు పోయినచో ఇంటికి కావలి యుండుటకు కొందరు మాత్రమే మిగులుదురు! జూను మాసారంభమున పోవువారు నికల్స్ వృక్షవాటికలో విరియు పియొనీ పూలను చూడకుండ రారాదు. న్యాయకళాశాల రాతిభవనములు చాల సుందరములు. వానికి ధనమిచ్చిన విలియం కుక్ అను ప్లీడరు వానిని కన్నులారా ఎన్నడును చూడలేదు.

రాకమ్ భవనమును చూడుడు. హోరెస్ రాకమ్ డెట్రాయిట్‌లో సామాన్యమైన ప్లీడరు. 1903లో ఫోర్డు కంపెనీ దస్తావేజులు వ్రాసిపెట్టి, 5 వేల డాలర్లతో వాటాలు కొనెను. 1919లో వానిని అమ్మగా ఒక కోటీ 25 లక్షల డాలర్లు వచ్చెను. ఆయన మరణానంతరము ఆ నిధితో 1938లో లేచినదీ భవనము. 1955 ఏప్రిలు 12న దీనిలోని సభామందిరమున థామస్ ఫ్రాన్సిస్ అను ఆచార్యుడు ఒక నివేదిక చదివెను. జోనాస్ సాల్క్ కనుగొనిన పోలియో టీకాను 18 లక్షల మంది పిల్లలు పాల్గొనిన ప్రయోగమున పరీక్షించితిమని, అది పనిచేయునని, అపాయము లేనిదని తేల్చెను. సాల్క్ పూర్వము ఆ యూరిలోనే ఫ్రాన్సిస్ వద్ద శిక్షణ పొందినవాడు. మన దేశమున బోదకాళ్లు, కుంటికాళ్లు కర్మఫలమనుకొను పల్లెలకు సైతము ఆనాటి వార్త క్రమముగా చేరినది. రివేరా గోడమీద గీసిన టీకా 22 సంవత్సరములకు నిజమైనది. అది నిజమని చాటిన మందిరము, కూలీలు వరుసలలో నిలిచి బిగించిన కార్ల లాభముతో కట్టినది.

ఈ రెండూళ్లకు తాపీ ముడి వేసినవాడు మరియొకడు కలడు. ఆల్బర్ట్ కాన్ 1869లో జర్మనీలో పుట్టి, బాల్యముననే కుటుంబముతో డెట్రాయిట్ చేరెను. పేదరికముచే చదువు సాగక, ఒక శిల్పి కార్యాలయమున పనిపిల్లవాడుగా చేరి భవనవిద్య నేర్చెను. హైలండ్ పార్కు ఫ్యాక్టరీని, రూజ్ భవనములను నిర్మించినది ఆయనయే. గోడలకు బదులు గాజుకిటికీలు పెట్టి కార్మికునకు వెలుతురు చూపెను. ఆన్ ఆర్బర్‌లోని హిల్ సభాభవనము, ఏంజెల్ భవనము, బర్టన్ గంటల గోపురము, 1920లో తెరచిన విశ్వవిద్యాలయ గ్రంథాలయము గూడ ఆయన పనియే. కళాశాల గడప త్రొక్కనివాడు కళాశాలకు గ్రంథాలయమును కట్టి యిచ్చెను.

హాచర్ పేర వ్యవహరింపబడు ఆ గ్రంథాలయములోనికి తెలుగు ఉపాధ్యాయుడు తప్పక పోవలెను. 1954నాటి పి.ఎల్. 480 చట్టము క్రింద అమెరికా మనకు గోధుమలు పంపినది. మా తండ్రిగారి తరమువారికి ఆ గోధుమల రుచి బాగుగా జ్ఞాపకము. ఆ గోధుమలకు మనము రూపాయలలో చెల్లించిన ధరనుండి కొంత సొమ్ముతో 1962నుండి భారతీయ భాషల పుస్తకములను కొని అమెరికా విశ్వవిద్యాలయములకు పంపిరి. అట్లు పంచబడిన విశ్వవిద్యాలయములలో మిషిగన్ ఒకటి. 2004 చివర ఆ గ్రంథాలయముతో ఒప్పందము చేసికొని గూగులు కంపెనీ పుస్తకములకు ఛాయాప్రతులు తీయ మొదలిడినది. అందు తెలుగు పుస్తకములును కలవు. మన యూళ్లలో చెదలు తినిన ప్రతులు అక్కడ చెక్కుచెదరక యున్నవి. డెట్రాయిట్ చుట్టుప్రక్కల కార్ల కంపెనీలలో ఇంజనీర్లుగా పనిచేయు మనవారు కొందరు డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితిగా ఏర్పడి 1998నుండి తెలుగు పుస్తకములు చదివి చర్చించుచున్నారు. ఈ మారు పిల్లల వద్దకు పోవు తలిదండ్రులు నయాగరాకు బయలుదేరుటకు ముందు ఒక ఉదయము రివేరా గోడల యొద్దను, ఒక సాయంకాలము హాచర్‌లోని తెలుగు బీరువాల నడుమను గడుపుదురు గాక. నడుమ డియర్‌బర్న్‌లో దిగుటకు రైలు ఎటులను ఆగును.